హైవే పక్క టిఫిన్ హోటల్ పని: సింగరాయకొండలో నేర్చుకున్నది

పొద్దున ఆరింటికి పెనం మీద పడే మొదటి దోశ ఎట్లా వస్తుందో ముందు రోజే తేలిపోతుంది. పప్పు ఎప్పుడు నానేశారు, ఏ నీళ్లలో నానేశారు, గ్రైండర్లో ఎంతసేపు తిరిగింది, రాత్రి పిండి దబర ఎక్కడ పెట్టారు. ఈ నాలుగూ సరిగ్గా ఉంటే కొత్త మాస్టర్ చేతిలో కూడా దోశ బాగానే వస్తుంది. ఒక్కటి తప్పితే చెయ్యి తిరిగిన మాస్టర్ కూడా పెద్దగా చెయ్యగలిగింది ఉండదు. ఇంటర్ చదివే రోజుల్లో సెలవులన్నీ నేను సింగరాయకొండలో రోడ్డు పక్క టిఫిన్ హోటల్లో పని చేశాను. అప్పటికి అది ఐదో నంబరు జాతీయ రహదారి, 2010లో నంబర్లు మార్చినప్పుడు పదహారు అయింది. రోడ్డు పక్క హోటల్‌కి ఊళ్లో హోటల్‌కి ఒక తేడా ఉంది. ఊళ్లో మనిషి రేపు మళ్లీ వస్తాడు, ఈరోజు బాగాలేదంటే సర్దుకుంటాడు. బస్సు దిగినవాడికి, లారీ ఆపినవాడికి ఉండేది పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లో ఎప్పుడూ వచ్చే రుచి వచ్చి తీరాలి. పనంతా దానికోసమే.

ముందు నీళ్లు. టంగుటూరు నుంచి ఉలవపాడు దాకా సముద్రం దగ్గరే, బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పు తగిలే నీళ్లు పడతాయి. అందుకని హోటల్లో మంచినీళ్లు, వాడుక నీళ్లు అని రెండు డ్రమ్ములు వేరువేరుగా ఉండాలి, వాటిలో ముంచే చెంబులు కూడా వేరుగా ఉండాలి. నేల, పొయ్యి గట్టు, ప్లేట్ల మొదటి కడుగు వాడుక నీళ్లతో. తాగడానికి, టీకి, నానేయడానికి, రుబ్బడానికి, సాంబారుకి మంచినీళ్లే. చవుడు నీళ్లలో కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకు పోదు. నీళ్లలో ఉండే సున్నం పప్పుని బిగిసిపోయేట్టు చేస్తుంది, కట్టెలు దండగ. టీ అయితే పైన సన్నగా తెట్టు కడుతుంది, రంగు నల్లబడుతుంది, పొడి ఎంత వేసినా రుచి చప్పగానే ఉంటుంది. పొద్దున 200 మంది తినే హోటల్‌కి మంచినీళ్లు 250 లీటర్ల దాకా కావాలి. కొత్తగా పనికి చేరిన పిల్లాడికి మొదట అప్పగించేది ఈ డ్రమ్ములే. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, తెలియక వాడుక నీళ్లు పప్పులో పోస్తే మర్నాటి ఇడ్లీ అంతా పోయినట్టే.

దోశ పిండికి నాలుగు పాళ్లు బియ్యం, ఒక పాలు మినప్పప్పు. మేము 8 కిలోల బియ్యానికి 2 కిలోల పప్పు, 100 గ్రాముల మెంతులు, రెండు గుప్పిళ్ల పచ్చిశనగపప్పు వేసేవాళ్లం. మెంతులు మెత్తదనానికి, శనగపప్పు ఎర్రగా కాలడానికి. ఇది రుబ్బితే 200కి పైగా దోశలు వస్తాయి. బియ్యం పాతవి, లావువి కావాలి. కొత్త బియ్యం జిగురు, పిండి పెనాన్ని పట్టుకుని వదలదు. ఇడ్లీకి కొలత వేరే: ఒక శేరు మినపగుళ్లకి మూడు శేర్ల ఇడ్లీ రవ్వ. ఇంట్లో రెండు, రెండున్నర వేసుకుంటారు, ఇడ్లీ ఇంకా మెత్తగా ఉంటుంది, కానీ హోటల్లో పాత్ర దించి అరగంట ఉంచినా ఆకారం చెదరకుండా ఉండాలి కాబట్టి మూడు. మినపగుళ్లు నాలుగు గంటలు, దోశ బియ్యం ఐదారు గంటలు నానాలి. మినపగుళ్లు రాత్రంతా నానేస్తే జిగురంతా నీళ్లలోకి పోయి పిండి పొంగదు. మధ్యాహ్నం నానేసి సాయంత్రం రుబ్బడం అందుకే.

గ్రైండర్లో మినప్పిండి మీదే అసలు శ్రద్ధ పెట్టాలి. నీళ్లు ఒక్కసారిగా పోస్తే పప్పు రాయి కింద జారుతుంది తప్ప నలగదు. ముందు కాసిని పోసి, పిండి రాయికి అంటుకుని మొరాయించినప్పుడల్లా దోసెడు చొప్పున చల్లాలి. నీళ్లు చల్లగా ఉండాలి, ఎండాకాలం కుండలోవి. రాయి రాపిడికి పిండి వేడెక్కుతుంది, వేడెక్కిన పిండిలో గాలి నిలవదు. రెండు కిలోల పప్పుకి అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. అయిందో లేదో గడియారం చూసి చెప్పకూడదు. గ్లాసు నీళ్లలో గోళీకాయంత పిండి వేస్తే తేలాలి. మునిగితే ఇంకా తిరగాలి. గ్రైండర్ తిరుగుతుండగా అంచుల్లో పిండి తోయడానికి చెక్క గరిటె వాడాలి, చెయ్యి పెట్టకూడదు. కరెంటు కోత వేళలు తెలుసుకుని దానికి గంట ముందే రుబ్బు ముగించాలి. సగంలో ఆగిన మినప్పిండి మళ్లీ తిప్పితే ముందున్న పొంగు రాదు. ఇడ్లీ రవ్వని మాత్రం రుబ్బే పని లేదు: కడిగి, నానేసి, నీళ్లు గట్టిగా పిండేసి, మినప్పిండిలో చేత్తో కలపాలి. చెయ్యి పెట్టి కలపడం ఉత్త అలవాటు కాదు, చేతి వెచ్చదనం పిండి పులవడానికి సాయపడుతుందంటారు. ఆ కలిపే మనిషి గోళ్లు, ఉంగరాలు మాస్టర్ రోజూ చూసేవాడు.

రాత్రి పిండి పెట్టే చోటు నెలనిబట్టి మారుతుంది. దబరలో సగం వరకే పోయాలి, పొంగి కారితే నేలంతా పాడవుతుంది, చీమలు పడతాయి. రోహిణి కార్తెలో ఐదారు గంటల్లోనే పులిసిపోతుంది కాబట్టి సాయంత్రం ఆలస్యంగా రుబ్బి, రాత్రే ఉప్పు కలిపి, దబరని నీళ్ల తొట్టిలో నిలబెట్టి తడి గోనె చుట్టాలి. ఉప్పు పులుపుని కాస్త నెమ్మది చేస్తుంది. డిసెంబరులో పది, పన్నెండు గంటలు పడుతుంది. అప్పుడు ఉప్పు పొద్దున కలపాలి, దబర ఆరిపోయిన పొయ్యి పక్కన గోనె కప్పి పెట్టాలి. తుపాను ముసురు పట్టినప్పుడు అయినా పొంగకపోతే దబరని గోరువెచ్చటి నీళ్ల గంగాళంలో గంటసేపు ఉంచితే లేస్తుంది. సోడా వేసి లేపేవాళ్లున్నారు. ఇడ్లీ ఉబ్బుతుంది గానీ పసుపు పచ్చగా తిరుగుతుంది, నాలుక మీద సబ్బు రుచి తగులుతుంది. పులిసిపోయిన పిండిని పారబోయక్కర్లేదు. పులవని పిండి సగం కలిపి దోశకి వాడొచ్చు, లేకపోతే ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి మందంగా ఊతప్పం పోయొచ్చు, ఆ పులుపు దానికి బాగుంటుంది.

ఆ సముద్రపు ఒడ్డు ఊళ్లలో పొయ్యికి సరుగుడు కట్టె. ఉలవపాడు, సింగరాయకొండ ఇసక నేలల్లో సరుగుడు తోటలు చాలా, కట్టె చవకగా దొరికేది. పచ్చిగా ఉన్నా మండే గుణం దానికి ఉంది, ఎండితే సెగ బాగా ఇస్తుంది, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. చేతి మణికట్టంత లావుకి మించకుండా చీల్చుకోవాలి. లావు మొద్దులు సాంబారు గుండిగ కింద పనికొస్తాయి, పెనం కింద పనికిరావు, సెగ పెంచడం తగ్గించడం చేతిలో ఉండదు. తర్వాత గ్యాస్ వచ్చింది. హోటల్‌కి 19 కిలోల సిలిండరే వాడాలి, ఇంటి సిలిండర్ పెట్టడం నేరం. పెద్ద బర్నర్ తెల్లవారుజాము నుంచి ఆపకుండా మండితే సిలిండర్ బయట చెమట పట్టి మంట నీరసపడుతుంది. లోపల ద్రవం ఆవిరయ్యేటప్పుడు తన వేడినే తీసుకుంటుంది, అందుకని చల్లబడి గ్యాస్ తక్కువ వస్తుంది. అయిపోయిందనుకుని మారుస్తారు, కింద ఇంకా ఉంటుంది. రెండు సిలిండర్లు కలిపి పైపుకి బిగిస్తే ఈ ఇబ్బంది ఉండదు. సిలిండర్ని వేడినీళ్లలో పెట్టడం మాత్రం చెయ్యకూడని పని.

ఇడ్లీ పాత్రలో నీళ్లు తెర్లిన తర్వాతే ప్లేట్లు పెట్టాలి. చల్లటి పాత్రలో పెడితే ఆవిరి పట్టేలోపు పిండి కుంగి ఇడ్లీ రాయవుతుంది. నీళ్లు కింది ప్లేటుకి రెండంగుళాలు తక్కువగా ఉండాలి, తగిలితే కింది వరస ఇడ్లీలు బంకగా వస్తాయి. గుడ్డ తడిపి, నీళ్లు గట్టిగా పిండేసి, గుంటల మీద పరిచి దాని మీద పిండి వెయ్యాలి. పది నుంచి పన్నెండు నిమిషాలు. తియ్యగానే ప్లేటు తలకిందులు చేసి, గుడ్డ వెనక చెయ్యి తడి చేసి అద్దితే చీలకుండా వదులుతుంది. పాత్ర అడుగున ఒక రూపాయి బిళ్ల వేసి ఉంచేవాళ్లు. నీళ్లు మరుగుతున్నంతసేపు అది గలగలలాడుతూ ఉంటుంది, చప్పుడు ఆగిందంటే నీళ్లు అడుగంటాయని. బయట ఎంత సందడి ఉన్నా ఆ చప్పుడు ఆగితే లోపలున్నవాళ్లందరికీ తెలిసేది.

ఇక పెనం. హోటల్ పెనం అర అంగుళం మందం ఇనప పలక, వేడెక్కడానికే అరగంట పడుతుంది. ఆరింటికి దోశ కావాలంటే ఐదున్నరకి కింద మంట ఉండాలి. ముందు రోజు జిడ్డుని ఇటుక ముక్కతో రుద్ది, తుడిచి, సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి పెనమంతా తిప్పాలి. వేడి సరిపోయిందా అన్నది నీళ్లే చెప్తాయి. చిలకరిస్తే చుక్కలు గుండ్రంగా దొర్లి రెండు మూడు క్షణాల్లో ఎగిరిపోవాలి. పడ్డచోటే పరుచుకుని నెమ్మదిగా పొంగితే వేడి చాల్లేదు, అప్పుడు పోసిన పిండి తెల్లగా, తోలులా ఉంటుంది. పెనం పొగలు కక్కుతుంటే వేడి మించింది. పిండి పడ్డచోటే పట్టేసి గరిటె వెంట ఉండలుగా లేస్తుంది, దోశ నడిమికి చిరుగుతుంది. అందుకే ప్రతి దోశకి ముందు నీళ్లు చల్లి కొబ్బరి పుల్లల చీపురుతో ఒక్క తుడుపు తుడుస్తారు. పైన వేడి దిగుతుంది, మిగిలిన జిడ్డు పోతుంది. జిడ్డున్న పెనం మీద పిండి నిలవదు, గరిటెతో పాటు జారుతుంది. పరోటా కాల్చిన పెనం మీద వెంటనే దోశ రాకపోవడానికి కారణం ఇదే.

గరిటెడు పిండి నడిమిలో పోసి, గరిటె అడుగు పెనాన్ని తాకీ తాకకుండా లోపల నుంచి బయటికి చుట్టు తిప్పుతూ పోవాలి. నొక్కితే నడిమిలో చిల్లులు, పైపైన తిప్పితే మందం. ఒక చుట్టు మొదలుపెట్టాక ఆగకూడదు, వెనక్కి రాకూడదు. సాదా దోశకి అంచుల వెంట చెంచాడు నూనె, అంచు లేచినప్పుడు అట్లకాడ, అంతే.

కారం దోశకి మాత్రం కారం రాసే క్షణం తెలియాలి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు మా కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాలోదే, మా వైపు హోటళ్లలో నెల్లూరు కారం దోశ లేకుండా బోర్డు ఉండదు. ఎర్రకారానికి 100 గ్రాముల ఎండుమిర్చి తొడిమలు తీసి వేడినీళ్లలో అరగంట నానేసి, రెండు పెద్ద ఉల్లిపాయలు, రెండు వెల్లుల్లి గడ్డలు, చెంచాడు జీలకర్ర, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు వేసి కాస్త బరకగా నూరాలి. నీళ్లు ఎక్కువైతే దోశ మీద పారుతుంది. ఉల్లిపాయ పడ్డ కారం ఒక్క పూటకే, సాయంత్రానికి వాసన మారుతుంది. పిండి పోశాక పైభాగం తడి మెరుపు పోయి చిన్న చిన్న కన్నాలు కనపడతాయి, ఇంకా పూర్తిగా ఆరదు. ఆ సమయంలో రాయాలి. అంతకు ముందు రాస్తే కారం పిండిలో కలిసిపోయి దోశ ముద్దవుతుంది. ఆరాక రాస్తే కారం అంటుకోదు, పచ్చి వెల్లుల్లి వాసన పోదు. రాశాక పప్పుల పొడి చల్లి, నెయ్యి చుట్టూ వేసి, మంట తగ్గించి రెండు నిమిషాలు వదిలెయ్యాలి. తొందరపడి మడిస్తే లోపల మెత్తగా, బయట మాడుగా ఉంటుంది. పప్పుల పొడి అంటే అర కిలో పుట్నాలు, 100 గ్రాముల ఎండుకొబ్బరి, 30 గ్రాముల వేయించిన ఎండుమిర్చి, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు. పుట్నాలు, కొబ్బరి దంచేటప్పుడు తడి గరిటె తగలకూడదు, తగిలితే మూడోనాటికి బూజు. నా దృష్టిలో ఈ దోశకి చట్నీ అక్కర్లేదు, కానీ రోడ్డు మీద వచ్చేవాళ్లు మూడు రకాలు అడుగుతారు, వెయ్యాల్సిందే.

చట్నీల దగ్గర చెడేది ఎక్కువగా రెండు చోట్ల. వేరుశనగ గుళ్లు వేయించి చల్లారకముందే మిక్సీలో వేస్తే నూనె వదిలి ముద్ద కడుతుంది, నీళ్లు పోసినా విడిపోతుంది. రెండోది, పొద్దున మిగిలిన చట్నీలో కొత్తది కలపడం. పచ్చి కొబ్బరి చట్నీ ఎండాకాలం పదకొండింటికే పులిసిన వాసన వస్తుంది, దానిలో ఎంత తాజాది కలిపినా అరగంటలో అది కూడా పాడవుతుంది. తక్కువ తక్కువగా రెండు విడతలు చెయ్యడం, గిన్నె కడిగాకే రెండోది పొయ్యడం, ఇంతకు మించి మందు లేదు. తిరగమాత చట్నీ మొత్తానికి ఒకేసారి కాకుండా గిన్నె బయటికి పంపేటప్పుడు వేస్తే కరివేపాకు వాసన ఉంటుంది.

టీ బల్ల వేరే లోకం. తెల్లవారుజామున నాలుగింటికే తెరవాలి, చీమకుర్తి గ్రానైట్ రాళ్లేసుకుని మద్రాసు రేవు వైపు వెళ్లే లారీలు ఆ వేళకే ఆగేవి. పాలు చుట్టుపక్కల పల్లెల నుంచి బర్రె పాలు. పాలలో నీళ్లు కలిపారా అని చూసే లాక్టోమీటరు ఒక్కదాన్నే నమ్మకూడదు. నీళ్లు కలిపితే అంకె తగ్గుతుంది, వెన్న తీస్తే పెరుగుతుంది, రెండూ చేసిన పాలు మంచి పాల అంకే చూపిస్తాయి. గ్లాసు పాలు చిన్న గిన్నెలో కాచి మీగడ మందం చూస్తే తెలుస్తుంది. పాలు పొయ్యబోయే గిన్నెని ముందు నీళ్లతో తడిపితే అడుగు అంటదు. ఎండాకాలం నిన్నటి పాలు ఏవైనా ఉంటే పెద్ద గిన్నెలో పొయ్యకముందు గరిటెడు వేరే కాచి చూడాలి, ఒక్క గరిటె విరిగితే పోయేది గరిటె, కలిపాక విరిగితే పోయేది పది లీటర్లు.

కొలత ఇది: లీటరు చిక్కటి పాలకి డికాషన్ 400 మిల్లీలీటర్లు. దానికి అర లీటరు నీళ్లు, 40 గ్రాముల డస్ట్ టీ పొడి. పొడి తాగే నీళ్లు పోను 400 దిగుతుంది. చక్కెర 120 గ్రాములు. 90 మిల్లీలీటర్ల గ్లాసుకి పదిహేను టీలు. నీళ్లు తెర్లాక పొడి వేసి, మూడు నాలుగు నిమిషాలు కాచి, గుడ్డ సంచిలో వడకట్టాలి. పది నిమిషాలు కాస్తే రంగు ఎక్కువ వస్తుంది, అది చూసి మంచి టీ అనుకుంటారు, నోట్లో ఒగరు మిగులుతుంది. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి దింపే రెండో డికాషన్‌తో లాభం కనపడుతుంది గానీ డ్రైవర్లు ఒక గుక్కలో కనిపెడతారు, మర్నాడు బండి పక్క హోటల్ ముందు ఆగుతుంది.

అల్లం టీలో పాలు విరగడం అన్ని టీ బల్లల దగ్గరా జరిగేదే, పాలాయన మీద పడతారు. తప్పు పాలది కాదు. పచ్చి అల్లంలో పాలని పెరుగులా గడ్డకట్టించే ఎంజైము ఉంటుంది. అది 60, 70 డిగ్రీల వేడిలో బలంగా పనిచేస్తుంది, నీళ్లు తెర్లే వేడికి పోతుంది. కాబట్టి దంచిన అల్లం డికాషన్ నీళ్లలోనే వేసి రెండు నిమిషాలు తెర్లనివ్వాలి, ఆ తర్వాతే పొడి, ఆ తర్వాతే పాలు. వెచ్చటి పాలలో అల్లం దంచి వేశారంటే ఐదు నిమిషాల్లో పలుకులు తేలతాయి. గుడ్డ సంచి కొత్తదైతే వాడిన టీ పొడి నీళ్లలో ఒకసారి ఉడికించి గంజి వాసన పోగొట్టాలి. రోజూ ఉత్త నీళ్లతో ఉతికి ఎండలో ఆరేయాలి, సబ్బు పెడితే రెండు రోజులు టీలో సబ్బే. చలికాలం గాజు గ్లాసులో వేడి టీ పోసేముందు వేడినీళ్లతో కడగాలి. అట్లా కడగకపోతే గ్లాసు చిట్లుతుంది, చిట్లకపోయినా టీ చల్లారిపోతుంది.

సప్లయి పని కాళ్లది కాదు, జ్ఞాపకానిది. బస్సు ఆగితే ఒకేసారి ముప్పై మంది. ‘అబ్బాయ్’, ‘తమ్ముడూ’, తమిళ బండ్లవాళ్లయితే ‘తంబీ’, అన్ని వైపుల నుంచీ పిలుపులే. బల్లకో అంకె పెట్టుకుని, ఆర్డరుని వంటింటికి ఒకే వరసలో అరవాలి: ముందు బల్ల, తర్వాత ఆలస్యమయ్యేది, చివర ఇడ్లీ. ‘నాలుగో బల్ల మాస్టారూ, రెండు కారం దోశ, ఒక ఊతప్పం, ఇడ్లీ నేను తీసుకుంటా’ అన్నట్టు. ఆర్డరు చెప్పగానే ముందు ఇడ్లీ తెచ్చి పెట్టాలి, దోశ వచ్చేదాకా మనిషి తింటూ ఉంటాడు, లేచి వెళ్లడు. బస్సువాళ్లకి ఇడ్లీ, పొంగలి, వడ మాత్రమే ఉన్నాయని ముందే చెప్పడం మంచిది. పది దోశలు ఒప్పుకుని హారన్ కొట్టేసరికి నాలుగు పెడితే ఆరుగురికి కోపం, డబ్బు కూడా రాదు. లేచి గల్లా వైపు నడిచేవాడి బిల్లు సప్లయర్ గట్టిగా కేక వెయ్యాలి. మధ్యలో అదనంగా తెప్పించుకున్న వడ, రెండో కాఫీ ఇక్కడే మర్చిపోతారు. ప్లేట్లు తీసేముందు గిన్నెలు లెక్క చూసుకుంటే పోదు. గల్లాలో చిల్లర నాలుగింటికే ఉండాలి, వంద నోటు ఇచ్చి టీ తాగేవాడితోనే పొద్దు మొదలవుతుంది.

పార్సిల్‌లో చెడేది సాంబారే. కవర్‌లో మూడు వంతులకి మించి పొయ్యకుండా, పైన గాలి ఉంచి, మెడ రెండు చుట్లు మెలిపెట్టి దారం కట్టాలి. నిండా పోస్తే కుదుపుకి ముడి దగ్గర కారుతుంది. పొగలు కక్కే సాంబారుని పల్చటి కవర్లో పొయ్యడం కూడా సరికాదు, స్టీలు క్యారేజీ తెచ్చుకోమని చెప్పేవాళ్లే మంచి హోటల్‌వాళ్లు. దోశని అరిటాకులో చుట్టి, పైన కాగితం. అచ్చు కాగితం నేరుగా తిండికి తగలనివ్వకూడదు, సిరా నూనెకి కరుగుతుంది.

ప్లేట్లు కడిగేచోట మూడు తొట్లు. మొదటిది ఎంగిలి విదిలించి వాడుక నీళ్లు, రెండోది సబ్బు, మూడోది మంచినీళ్లు. మూడో తొట్టి నీళ్లు తెల్లబడగానే మార్చాలి, పోనీలే అనుకుంటే గ్లాసులకి నీచు వాసన పడుతుంది, అది టీలో తెలిసిపోతుంది. గుడ్డు తిన్న ప్లేట్లు చల్లనీళ్లతో ముందు కడగాలి, వేడినీళ్లు పోస్తే గుడ్డు ఉడికి అంటుకుంటుంది.

మూడింటికి బజ్జీలు, మైసూరు బోండాలు మొదలు. మైదాలో పుల్లటి పెరుగు కలిపి రెండు గంటలు ఉంచితే బోండాకి సోడా చిటికెడు చాలు, ఎక్కువైతే నూనె పీలుస్తుంది. బాణలిలో నూనె నురగ కట్టి తగ్గకపోతే, మామూలు వేడికే పొగ వస్తే, చేతికి జిగటగా తగిలితే అది పారబోయాల్సిన నూనె. దాన్లో కొత్తది కలిపితే కొత్తదీ పోతుంది.

రద్దీ కాలాన్నిబట్టి మారుతుంది. ఉలవపాడు మామిడి దిగే నెలల్లో, టంగుటూరు పొగాకు వేలాలు నడిచే రోజుల్లో పిండి సగం ఎక్కువ రుబ్బాలి, రైతులు, వ్యాపారులు తెల్లారేసరికి దిగుతారు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప స్వాముల బండ్లు. వాళ్లకి ఉల్లి, వెల్లుల్లి తగలని సాంబారు, చట్నీ వేరే గిన్నెల్లో, వేరే గరిటెలతో ఉండాలి. కారం దోశ పోసిన పెనం మీద వాళ్ల దోశ పొయ్యకూడదు, చిన్న పెనం వేరే పెట్టాలి. చెప్పకుండా పోసి పెట్టడం వాళ్ల దీక్షని మోసం చెయ్యడం. వేరే పెనం లేకపోతే ఇడ్లీ ఒక్కటే ఉందని చెప్తే స్వాములు సంతోషంగా తింటారు.

ఈ పనికి పిల్లలు చేరే విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. హోటళ్లలో, ధాబాల్లో 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం, 2016లో చట్టాన్ని ఇంకా బిగించారు. పదహారేళ్లు దాటిన కుర్రాడు సెలవుల్లో చేరినా నీళ్లు, సప్లయి, గల్లా పక్క లెక్క వరకే. నూనె బాణలి, గ్రైండర్, సాంబారు గుండిగ దించడం పెద్దవాళ్ల పని. గ్రైండర్ ఉన్నచోట నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, కాబట్టి ఎర్త్ వైరు లేని ప్లగ్గు ఉండకూడదు, కాలి కింద చెక్క పలక ఉండాలి.

ఆవిరి కాలడం నూనె కాలడం కంటే ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే కనపడదు. ఇడ్లీ పాత్ర మూత తనవైపు కాకుండా అవతలి వైపు అంచు ముందు లేపాలి, ఆవిరి అటు పోతుంది. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పొయ్యకూడదు, నీళ్లు అడుక్కి దిగి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెని పైకి విసురుతుంది. మంట ఆపి, పెద్ద ఇనప మూత పక్క నుంచి తోసి కప్పి, చల్లారేదాకా తియ్యకూడదు. ఆ మూత బాణలి పక్కనే చేతికందేచోట ఉండాలి. చెయ్యి కాలితే పంపు కింద ఇరవై నిమిషాలు మామూలు నీళ్లు వదలాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయొద్దు. ఉంగరం, చేతి దారం వాపు రాకముందే తీసెయ్యాలి. బొబ్బ పగలగొట్టొద్దు. కాలింది అరచేతి కంటే పెద్దదైతే, లేదా ముఖం మీదైతే, హోటల్ రద్దీ చూడకుండా అప్పుడే ఆసుపత్రికి పంపాలి.